తంగేడు, తోలు, తట్ట

2024 డిసెంబర్ 9న హైదరాబాద్ సచివాలయం ఆవరణలో కొత్త తెలంగాణ తల్లి విగ్రహం తెర తీసినప్పుడు రాష్ట్రమంతా ఒక చేతి గురించి పోట్లాడుకుంది. పాత రూపంలో కిరీటం ఉండేది, ఒంటి నిండా నగలుండేవి, ఒక చేతిలో బతుకమ్మ ఉండేది. కొత్త రూపంలో ఆకుపచ్చ చీర, కొద్దిపాటి నగలు, ఎడమ చేతిలో వరి, జొన్న, సజ్జ, మక్క కంకులు. బతుకమ్మ ఏమైందని కొందరు, కిరీటం పెట్టుకున్న తల్లి ఏ ఊళ్లో ఉందని కొందరు. ఆ వాదంలో ఒక్క సంగతి దగ్గర మాత్రం రెండు పక్షాలకూ తేడా లేదు. ఆడమనిషి రూపమంటే పోత పోసి ఉండాలి, నున్నగా ఉండాలి, చేతిలో ఏదో ఒక గుర్తు పట్టుకుని నిలబడాలి. ఆ చెయ్యి పొద్దంతా ఏం చేస్తుంది, అది వాడి వాడి అరగదీసిన వస్తువులు ఏమైనాయి అన్న మాట ఆ గోలలో వినిపించలేదు.

శిల్పకళలో ఆ మాట ఎత్తిన తోవ ఒకటుంది. కొత్తగా చెక్కకుండా, పోత పోయకుండా, అప్పటికే ఎవరి చేతుల్లోనో అరిగిన వస్తువును తెచ్చి దాన్నే బొమ్మగా నిలబెట్టడం. 1917లో మార్సెల్ డ్యుషాం న్యూయార్క్‌లో ఒక పింగాణీ మూత్రపు తొట్టికి సంతకం పెట్టి ప్రదర్శనకు పంపిన దగ్గర్నుంచి ఈ పద్ధతికి చరిత్ర రాస్తుంటారు. ఆయనకు అది ఒక చమత్కారం. తర్వాతి తరాల్లో ఆడవాళ్లు దాన్ని అందుకున్నాక చమత్కారం తగ్గి లెక్క తేల్చుకోవడం మొదలైంది. సూది, బొట్టుబిళ్ల, జుట్టు, పిడక, బ్లేడు, కుండ ఒక్కొక్కటిగా గ్యాలరీలోకి నడిచి వచ్చాయి. అవి నిజంగా స్త్రీ జీవితం గురించి ఏం చెప్పాయి, ఏం చెప్పలేకపోయాయి అన్నదాన్ని ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట నేల మీద నిలబడి చూడాలని ఈ ప్రయత్నం. నా పక్షం ముందే చెప్పేస్తాను. వస్తువు ఆడవాళ్లది అయినంత మాత్రాన బొమ్మ ఆడవాళ్ల గురించి అయిపోదు. ఆ వస్తువు మీద పడ్డ పని కంటికి కనిపించాలి.

ఈ నేల నుంచి ప్రపంచానికి తెలిసిన శిల్పి ఎవరంటే ముందు చెప్పుకోవలసింది సూర్యాపేటలో 1956లో పుట్టిన జి.రవీందర్ రెడ్డి పేరే. బరోడాలో ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో, తర్వాత లండన్‌లో చదివి, 1990 నుంచి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ ఆయన చేసిన ఆడవాళ్ల తలలు దేశదేశాల మ్యూజియంలకు చేరాయి. మనిషి ఎత్తును మించిన తల. బంగారు రేకు తాపిన ముఖమో, కార్లకు వేసే రంగు పూసిన నల్లని, ఎర్రని, నీలి ముఖమో. రెప్ప వాల్చని పెద్ద కళ్లు, కాటుక, ముక్కుపుడక, వెనక నుంచి చూస్తే ఒక్కో పువ్వూ లెక్కపెట్టేలా తీర్చిన సిగ. మూలపదార్థం ఫైబర్ గ్లాస్. అంటే దొరికిన వస్తువు కానే కాదు, ఫ్యాక్టరీ సరుకు. అయినా ఈ చర్చలో ఆయన్ని పక్కన పెట్టలేం. బస్టాండులో, సంతలో, మిల్లు గేటు దగ్గర కనిపించే ముఖాన్ని, ఏ రాజుకూ రాణికీ చుట్టం కాని ముఖాన్ని, దేవత కొలతకు పెంచినవాడు ఆయన. తెల్లతోలు అందానికి అలవాటుపడ్డ క్యాలెండర్ల కాలంలో ఆ పని చిన్నది కాదు.

నా తగాదా వేరే చోట. నిలువెత్తు బొమ్మలు కూడా ఆయన చేశారుగానీ పేరు తెచ్చినవి తలలే. తలకు చేతులుండవు. ఆ సిగ ముడిచింది ఎవరు, ఆ పూలు కోసింది ఎవరు, ఆ కాటుక పట్టింది ఎవరు? బొమ్మ ఉపరితలం ఎంత నున్నగా ఉంటుందంటే అక్కడ ఎవరి వేలిముద్రా మిగలదు. ఆమె మనల్ని తేరిపార చూస్తుంది, మనమూ ఆమెను చూస్తాం, అక్కడితో సరి. చూపు దగ్గర మొదలై చూపు దగ్గరే ఆగిపోయే స్త్రీత్వం అది. మగ శిల్పి గనక అలా చేశాడని ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అదే నున్నదనం తర్వాత చెప్పబోయే కొందరు ఆడ శిల్పుల దగ్గరా ఎదురవుతుంది.

సూర్యాపేట తలకు ఒళ్లు లేదు. దక్షిణాన కృష్ణ, తుంగభద్రలు కలిసే చోటికి దగ్గర్లో, ఆలంపురం మ్యూజియంలో, తల లేని ఒళ్లు ఉంది. లజ్జాగౌరి అని పండితులు పిలిచే ఆ శిలలో తల ఉండవలసిన చోట విరిసిన తామర, కింద ప్రసవవేళ మాదిరిగా ఎడంగా ముడుచుకున్న కాళ్లు. 1956లో స్టెల్లా క్రామ్‌రిష్ ఈ బొమ్మను వేదాల అదితితో కలిపి వ్యాసం రాశారు. 1992లో కెరొల్ బోలన్ ఈ రకం బొమ్మలన్నిటినీ పోగుచేసి పుస్తకం తెచ్చారు. నిండుకుండకూ ఈ రూపానికీ చుట్టరికం ఉందన్నది ఆ చర్చల్లో పదేపదే వచ్చే మాట. మా వైపు బోనం కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపాకు చుట్టి తల మీద పెట్టుకునే ఆడవాళ్లకు ఆ మాట చెబితే ఆశ్చర్యపోరు.

ఇంకా వెనక్కి పోతే నల్గొండ సరిహద్దులో, ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉన్న లోయలో, నాగార్జునకొండ తవ్వకాల్లో ఇదే జాతి బొమ్మ ఒకటి బయటపడింది. నడుము పైభాగం విరిగిపోయింది. కానీ దాని మీద ప్రాకృతంలో ఒక వాక్యం చెక్కి ఉంది. ఇక్ష్వాకు రాజు ఎహువల చాంతమూలుడి భార్య, మహాదేవి ఖందువుల, ఈ బొమ్మ చేయించిందని. తన గురించి ఆమె చెక్కించుకున్న రెండు విశేషణాలు చూడండి: విధవ కానిది, బతికున్న బిడ్డలు కలది. పదహారు పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ నేల మీద ఒక ఆడమనిషి చేయించిన స్త్రీ శిల్పం మీద తనను తాను చెప్పుకున్న తీరు అది. రాణికే ఇంతకంటే వేరే చిరునామా దొరకలేదు. స్త్రీత్వం గురించి ఇవాళ్టి శిల్పం ఏ మాట మాట్లాడినా ఆ రెండు విశేషణాలతోనే పేచీ పెట్టుకోవాలి. ఐదోతనం, సంతానం. పసుపు, కుంకుమ, గాజులు, మట్టెలు, ఉయ్యాల: గ్యాలరీల్లో కనిపించే సామగ్రిలో సగం ఆ రెండు మాటల నీడే.

చెక్కడమే అవసరం లేదన్న సంప్రదాయం అంతకంటే పాతది. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల దగ్గర బృహత్ శిలాయుగపు నిలువు రాళ్లున్నాయి. పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తున సుమారు ఎనభై నిలబడి ఉన్నాయి, చిన్నవి లెక్కకు చాలా ఎక్కువ. 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కి పేపర్లలో పడ్డాయి. ఊరివాళ్లు వాటిని నిలురాళ్ల తిమ్మప్ప అంటారు. వాటిలో ఒకదాన్ని ఎల్లమ్మగా కొలుస్తారు. అక్కడ ఉలి పని లేదు. ముఖం లేదు, రొమ్ము లేదు, నడుము లేదు. వేల ఏళ్లనాడు ఎవరో ఇంకెందుకో పాతిన రాయి, తర్వాతివాళ్ల చేతుల్లో ఆడదైంది. పసుపు పూయడం ఆపేస్తే మళ్లీ రాయే. ఊరూరా చెట్టు కింద ఉండే పోచమ్మ, మైసమ్మలదీ ఇదే కథ. పొలంలో తగిలిన రాయికి పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, నాలుగు గాజులు. పూజించే చేతులే అక్కడ శిల్పులు, వాళ్లు మారుతూ ఉంటారు, పని మాత్రం ఆగదు. దొరికిన వస్తువుల శిల్పాన్ని పశ్చిమ దేశాల నుంచి దిగుమతి అయిన తమాషాగా చూసేవారికి నేను ముడుమాల బస్సు చూపిస్తాను.

అయితే జాగ్రత్తగా ఉండాలి. ‘మన దగ్గర ఎప్పుడో ఉంది’ అనేసి చాప చుట్టేయడం మనకు బాగా అలవాటు. మొక్కడానికీ ప్రశ్నించడానికీ తేడా ఉంది. ఎల్లమ్మ రాయి ఆ ఊరి ఆడవాళ్ల కూలి గురించి నోరెత్తదు. ఆ పని గ్యాలరీ శిల్పం కొంతవరకు చేసింది, అందులోనూ మన పక్క రాష్ట్రంలో. కర్ణాటకలోని భద్రావతిలో పుట్టిన షీలా గౌడ 1992 అల్లర్ల తర్వాత రంగులు పక్కన పెట్టి పేడ చేతిలోకి తీసుకున్నారు. పేడతో అలుకు చల్లడం, పిడకలు కొట్టడం ఎవరి పనో దక్షిణ దేశంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1998లో ఆమె చేసిన ‘అండ్ టెల్ హిమ్ ఆఫ్ మై పెయిన్’ ఈ కోవలో నాకు అన్నిటికంటే పెద్ద పని. మీటర్ల కొద్దీ దారాన్ని సూది బెజ్జంలోంచి లాగి, అలాంటివి ఎన్నో పోగులు కలిపి, కుంకుమ, జిగురు పట్టించి, ఎర్రటి తాళ్లుగా గది గోడల మీదుగా నేల దాకా వదిలేస్తారు. తాడు కొసన సూదులు గుత్తిగా వేలాడుతుంటాయి. చూస్తే పేగులా, బొడ్డుతాడా, నెత్తుటి చారా అనిపిస్తుంది. కానీ నన్ను పట్టుకునేది ఆ పోలికలేవీ కావు. అంత దారాన్ని ఒక్కో సూదిలోంచీ ఒక మనిషి లాగింది. గది నిండా ఉన్నది ఆమె గంటలు. మిషను కుట్టుకుని బతికే ఏ ఆడమనిషైనా ఆ గదిలోకి వస్తే ముందు ఆ సంగతే గమనిస్తుంది.

పదేళ్ల తర్వాత ఆమె జుట్టుతో చేసిన ‘బిహోల్డ్’ 2009లో వెనిస్ బినాలేలో పెట్టారు, ఇప్పుడది లండన్ టేట్ సేకరణలో ఉంది. గుళ్లలో మొక్కుబడిగా తీసిన తలనీలాల తాళ్లను డ్రైవర్లు దిష్టి తగలకుండా బండ్లకు కట్టుకుంటారు. ఆ తాళ్లతో ఆమె కారు బంపర్లను గోడకు వేలాడదీశారు. మొక్కు తీర్చుకుని గుండుతో ఇంటికి వచ్చే ఆడవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్న తెలుగు నేలకు ఇది పరాయి బొమ్మ కాదు. తిరుమల తలనీలాలు వేలంలో ఎంత పలికాయో పేపర్లో చదువుతుంటాం. ఆ డబ్బులో ఇచ్చినవాళ్ల వాటా ఎంతో కూడా తెలుసు.

మిగతావాళ్ల గురించి త్వరగా చెప్పుకుందాం. బాబ్రీ విధ్వంసం తర్వాత రుమ్మానా హుస్సేన్ పగిలిన మట్టికుండల్ని తన ఒంటికీ, ముక్కలైన ఊరికీ గుర్తుగా పరిచారు. 1999లో ఆమె చనిపోయారు, పని ఇంకా పూర్తిగా చర్చకు రాలేదు. అనితా దుబే 1997లో మనిషి ఎముకలకు ఎర్ర ముఖమల్ తొడిగి పెళ్లి నగల్లా అలంకరించారు. బంగ్లాదేశ్ శిల్పి తయేబా బేగం లిపి బ్లేడు ఆకారపు స్టీలు ముక్కల్ని అతికి మంచం, లోదుస్తులు చేస్తారు. ఇంట్లో కాన్పులప్పుడు మంత్రసాని చేతిలో చూసిన బ్లేడు ఆమెకు చిన్నప్పటి జ్ఞాపకం. పోర్చుగల్‌కు చెందిన జొవానా వాస్కొన్సెలోస్ వేల టాంపాన్లతో ఐదారు మీటర్ల దీపాల గుత్తి కట్టి ‘పెళ్లికూతురు’ అని పేరు పెట్టారు. దూరం నుంచి తెల్లగా మెరుస్తుంది, దగ్గరికెళితే విషయం తెలుస్తుంది. మొదటిసారి బాగుంటుంది. రెండోసారి చూడటానికి అందులో ఏమీ మిగలదు.

ఇక్కడే భారతీ ఖేర్ ప్రస్తావన రావాలి. బొట్టుబిళ్లల శిల్పి అని పేరు. 2006లో కూలబడ్డ ఏనుగు ఒళ్లంతా బిళ్లలు అతికి చేసిన పని వేలం పాటల్లో మారుమోగింది. ఆ తర్వాత బొట్టుబిళ్ల ఎంత తేలికైన సంకేతమైపోయిందంటే, కళాశాలల వార్షిక ప్రదర్శనల్లో బిళ్లలు అతికిన కుండో, అద్దమో, చెప్పుల జతో లేని ఏడు ఉండదనిపిస్తుంది. గాజుముక్కలు, జడగంటలు, పాత చీరలు, వంటింటి గరిటెలు కలిపితే ‘స్త్రీ’ అని పేరు పెట్టొచ్చన్నట్టు. ఇదొక రెడీమేడ్ పెట్టె. మూత తీసి అంటించడమే. కానీ అదే ఖేర్ చేసిన ‘ఇంటర్మీడియరీస్’ నాకు వేరే దారిలా కనిపిస్తుంది. దసరా బొమ్మల కొలువులో పెట్టే మట్టిబొమ్మలు పాతవి పోగుచేసి, పగలగొట్టి, ఒకదాని ఒంటికి ఇంకొకదాని తల అతికారు. ఆ చిన్న బొమ్మల వరస నుంచి పెరిగిందే 2022లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ అంచున నిలిపిన పద్దెనిమిది అడుగుల కంచు ‘యాన్సెస్టర్’. తల్లి ఒంటి మీద 23 తలలు. కంచుగా పెంచాక అది మళ్లీ తెలంగాణ తల్లి వరసలోకి వచ్చి నిలబడింది. అరచేతిలో పట్టే అతుకుల మట్టిబొమ్మే నాకు గట్టిది.

తెలుగు పట్టణాల్లో ఇప్పుడు పాత సామాన్ల శిల్పం అంటే చౌరస్తాల్లో కనిపించే ఇనుప బొమ్మలు. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర నట్లు, బోల్టులు, గేర్లు వెల్డింగ్ చేసి నాయకుల నిలువెత్తు విగ్రహాలు కడతారు. నైపుణ్యానికి వంక పెట్టలేం. 2021లో వాళ్లు చేసిన 14 అడుగుల మోదీ విగ్రహం దేశమంతా వార్తయింది. అయితే అక్కడ పాత ఇనుము గొప్పదనమంతా పోలిక రప్పించడంలోనే. ఆ నట్టు ఏ బండిది, ఆ గొలుసు ఎవరు తొక్కిన సైకిలుది అన్నది చూసేవాడికి అక్కర్లేదు, పోలిక బాగా కుదిరిందా లేదా అన్నదే లెక్క. తల్లీబిడ్డల బొమ్మ చేసినా అంతే. గతం ఉన్న వస్తువును తెచ్చి ఆ గతాన్ని తుడిచేసి వాడుకోవడం ఈ పద్ధతికి పూర్తిగా తలకిందులు.

మరి మా జిల్లాల్లో గతం తుడవకుండా వస్తువుతో రూపం కట్టేది ఎవరు? ఆడవాళ్లే, ఏడాదికి తొమ్మిది రోజులు. బతుకమ్మను శిల్పం అనొచ్చా అనే ప్రశ్న ఈ మధ్య సెమినార్లలో వినిపిస్తోంది, నాకు దాని మీద పెద్ద ఆసక్తి లేదు. అనకపోతే బతుకమ్మకు పోయేదేం లేదు. కానీ కట్టే తీరును శిల్పి కంటితో చూస్తే నేర్చుకోవడానికి చాలా ఉంది. తాంబాలంలో గుమ్మడాకులో, ఆముదపు ఆకులో పరిచి, అంచున తంగేడు వరస, దాని మీద గునుగు, మధ్య మధ్య కట్ల, బంతి, సీతజడ, పొట్టలో ఆకుల కూరు. గునుగు కాడలు సమంగా కత్తిరించి, కట్టలు కట్టి, కొసలకు రంగులు అద్దుతారు. ఒక్కో వరసా లోపలికి జరుపుకుంటూ గోపురంగా పైకి తేవాలి. కాడల బరువు లోపల పడకపోతే చెరువు దాకా మోసుకుపోయేలోపే ఒరిగిపోతుంది. పైన పసుపు గౌరమ్మ. సాయంత్రానికి నీళ్లలో వదిలేస్తారు. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమినాటి సద్దుల దాకా దాదాపు రోజూ కొత్తగా కట్టడమే.

గునుగు ఎక్కడిది? జొన్న చేలో, పత్తి చేలో, పల్లి చేలో మొలిచే కలుపు. కలుపు తీసేది ఎవరు? కూలికి పోయే ఆడవాళ్లు. ఏడాదంతా రోజుకింతని పీకి గట్టు మీద పారేసిన మొక్కనే ఆ తొమ్మిది రోజులు పళ్లెంలో నిలబెడుతున్నారు. తోటలో పెంచిన పువ్వు కాదు, పని చేస్తూ చేతికి తగిలిన పువ్వు. షీలా గౌడ సూది దారం దగ్గర నేను చెప్పిన గుణమే ఇక్కడా ఉంది, సంతకం మాత్రం లేదు. బతుకమ్మకు ముందు పెళ్లికాని పిల్లలు పుట్టమన్నుతో పీట మీద అంచెలంచెలుగా కట్టే బొడ్డెమ్మ, సంక్రాంతికి పేడముద్ద మీద గుమ్మడిపువ్వు గుచ్చిన గొబ్బెమ్మ, దేవరకొండ వైపు తండాల్లో లంబాడా ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిదో రోజు నీళ్లలో కలిపే తీజ్, అన్నీ ఈ కుటుంబమే. లంబాడా ముసలమ్మల కాంచళీ, టుక్రీల సంగతి వేరే వ్యాసానికి సరిపోతుంది. అద్దాలు, గవ్వలు, చెల్లని పైసలు కుట్టి కుట్టి తయారైన ఆ గుడ్డ బరువే ఒక జీవితచరిత్ర.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగైంది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. 2016 అక్టోబర్‌లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో తొమ్మిది వేల పైచిలుకు ఆడవాళ్లు ఒకేసారి ఆడి గిన్నిస్ పుస్తకమెక్కారు. గౌరవం దక్కినందుకు సంతోషమే. ఎత్తు మాత్రం పోటీ అయిపోయింది. మనిషి మోయలేని ఎత్తుకు పోయాక దాన్ని ఇనుప చట్రం మీద కట్టాలి, చట్రం వెల్డింగ్ చేసేది ఎవరో, ఆర్డర్ ఇచ్చేది ఎవరో అందరికీ తెలిసిందే. ఇక కాగితపు పూల, ప్లాస్టిక్ పూల బతుకమ్మలు బజార్లో దొరుకుతాయి. పట్నంలో గునుగు ఎక్కడ దొరుకుతుంది అనేవారిని నేనేమీ అనను. కానీ వాడిపోవడం ఆ రూపంలో సగం.

పండుగ పాటలో చెప్పని తంగేడు కథ ఒకటుంది. తంగేడు చెక్కలో తోలును పదును చేసే గుణముంది. మాదిగ వాడల్లో తోలు శుద్ధి చేసే లందలు నడిచిన రోజుల్లో పచ్చితోలును తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టేవారు. ఆ పనిలో ఆడవాళ్ల చేతులూ ఉన్నాయి. అదే తంగేడు పువ్వు తాంబాలంలో అడుగు వరసన కూర్చున్నప్పుడు, ఊళ్లో ఒక ఆట, వాడలో ఒక ఆట వేరువేరుగా నడిచిన కాలం ఈ జిల్లాల పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. ఒకే చెట్టు పువ్వుకు ఒక చోటు, చెక్కకు ఒక చోటు. హైదరాబాద్‌లో పనిచేసే యువ కళాకారుడు మధుకర్ ముచర్ల తోలును తన మాధ్యమంగా ఎంచుకుని, కత్తిరించి, కుట్టి మనుషుల రూపాలు తీస్తున్నారు. తోలు అనగానే మూతి ముడిచే సంస్కారాన్ని ఆయన గ్యాలరీ గోడ మీదే ఎదురు నిలబెట్టారు. స్త్రీ గురించిన శిల్పం ఈ నేలలో కులాన్ని దాటేసి పోలేదని ఆ పని చూస్తే అర్థమవుతుంది. ‘స్త్రీత్వం’ అని ఒక్క ముద్దగా చేసి గాజులు అతికించేవారికి ఇది ఇబ్బంది కలిగించే సంగతే. ఏ ఆడవాళ్ల గాజులు? లంద దగ్గర నిలబడ్డ చేతికి ఎన్ని గాజులుంటాయి?

తెలంగాణ సాయుధ పోరాటం నాటి ఆడవాళ్లు కూడా ఈ చర్చలోకి రావాలి. పాలకుర్తి చాకలి ఐలమ్మ రోకలిబండ పట్టుకుని దొర గూండాలను తరిమిందని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. విగ్రహాలు ఊరూరా లేచాయి, సిమెంటువి, రంగులు వేసినవి. మిగతా నాయకుల విగ్రహాలు పోసే పద్ధతిలోనే అవీ. రోకలి సంగతి వదిలేశాం. మా వైపు పెళ్లిళ్లలో రోలుకూ రోకలికీ పసుపు రాసి, కంకణం కట్టి, ముత్తయిదువలు ముందు పసుపు దంచుతారు. అదే రోకలి పొద్దున లేస్తే జొన్నలు దంచిన పనిముట్టు, అవసరమైన రోజున ఆయుధం. ఒక వస్తువులో మూడు జీవితాలు. దాన్ని పోత పోయనక్కర్లేదు. పిడి దగ్గర అరిగిన చోటు చాలు.

మహబూబ్‌నగర్‌కు, అంటే పాలమూరుకు, రోకలి కంటే తట్ట దగ్గర. దేశంలో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన ‘పాలమూరు లేబర్’లో జంటలుగా పోయినవాళ్లు లెక్కలేనంతమంది. మొగుడు తవ్వితే పెళ్లాం తట్ట మోస్తుంది, గుంపు మేస్త్రీ ఇద్దరికీ కలిపి అడ్వాన్సు రాసుకుంటాడు, చాలాసార్లు పద్దు మొగుడి పేరు మీదే. 1955 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ యంత్రాల కంటే మనుషుల నెత్తి మీద లేచిన రాతి ఆనకట్ట. పరంజాల మీద రాళ్లు మోస్తున్న ఆడవాళ్ల వరసలు ఆనాటి ఫొటోల్లో కనిపిస్తాయి. ఖందువుల బొమ్మ దొరికిన లోయను ముంచింది ఆ నీళ్లే. నల్గొండలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగినవాళ్లు మంచినీళ్ల కోసం బిందెలతో నడిచిన దూరం ఇంకో లెక్క. తట్టకు గ్యాలరీలో చోటిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. బంగారు రేకు తాపితే పాడైపోతుంది. పాతిక తట్టలు గోపురంగా పేర్చితే బతుకమ్మ పోలిక వస్తుంది, ఫొటో బాగా వస్తుంది, అదీ ఒక వల. ప్లాస్టిక్ తట్ట అడుగున చుట్టబట్ట రాపిడికి పడ్డ గుండ్రని మచ్చ ఉంటుంది చూడండి, అక్కడ ఆగాలి.

ఇలాంటి ఆగడం మన దేశంలో ఒకరు చేసి చూపించారు. నవజోత్ అల్తాఫ్ 1990ల చివర బస్తర్ వెళ్లి కొండగాం కళాకారులతో కలిసి పనిచేశారు, అందులో శాంతిబాయి అనే ఆదివాసీ శిల్పి ఉన్నారు. నీళ్లు పట్టే ఆడవాళ్లతో మాట్లాడి వాళ్లు కట్టినవి ‘నల్పార్’లు. చేతిపంపు చుట్టూ గట్టు, మురుగు నిలవకుండా వాలు, నిండిన బిందెను నేల మీంచి ఒక్క ఊపున తల మీదికి ఎత్తక్కర్లేకుండా మధ్యలో పెట్టుకునే అరలు. గోడల మీద బొమ్మలూ ఉన్నాయి. కానీ శిల్పం అరలో ఉంది, నడుము ఎత్తుకు సరిపోయిన ఆ కొలతలో. స్త్రీ శరీరాన్ని గురించి ఇంత నిక్కచ్చిగా మాట్లాడిన పని బొట్టుబిళ్లల ఏనుగు దగ్గర నాకు కనిపించలేదు. మునుగోడులో ఇంటింటికీ నల్లా వచ్చినాక అలాంటి పంపు గట్లు అక్కర్లేదనొచ్చు. నల్లా వచ్చింది గనకే పాత బిందెలు, పాత నడకలు ఇప్పుడు శిల్పులకు దొరకబోయే వస్తువులు.

దొరకడం అన్న చోట డబ్బు లెక్క కూడా ఉంది. మిక్సీలొచ్చాక రోళ్లు, ఇసుర్రాళ్లు పెరట్లోకి, పెరట్లోంచి పాత సామాన్ల వాడి బండి మీదికి, అక్కణ్నుంచి హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టుల పచ్చికలోకి చేరుతున్నాయి. మొక్కలు పెట్టుకుంటారు. నా అనుమానమేమిటంటే, దొరికిన వస్తువుల శిల్పానికి గిరాకీ పెరిగితే ఇదే బండి గ్యాలరీ వైపూ తిరుగుతుంది. అమ్మిన ముసలమ్మకు వచ్చేది అదే చిల్లర. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి పక్కనున్న మ్యూజియంలో పాత శిలల పక్కన దేవుడి పేరు, శతాబ్దం రాసి ఉంటాయి. రాజు పేరు తెలిస్తే అదీ రాస్తారు. ఇవాళ మన కళ్ల ముందే ఇళ్లు వదిలిపోతున్న వస్తువులకు అంతకంటే ఎక్కువ రాయగలం. ఈ రోలు ఏ ఊరిది, ఎవరు ఎన్నేళ్లు వాడారు, ఎంతకు అమ్మారు, అమ్మినప్పుడు ఏమన్నారు. పేరు రాయడం ఆమెకు ఇష్టమైతేనే రాయాలి. మాధాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఒక ప్రదర్శనకైనా, జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పిల్లల వార్షిక ప్రదర్శనకైనా ఈ నాలుగు వాక్యాల పలక తప్పనిసరి చేస్తే, బొమ్మ చేసేవాళ్లు ముందు ఊళ్లోకి వెళ్లి, ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, ఆమెను అడగాల్సి వస్తుంది.